రాతియుగం తిండి, ఇనప ప్లేట్లు

పేలియో తిండి గురించి తెలుగువాళ్ళకి చెప్పాల్సొస్తే నేను అన్నంతో మొదలుపెట్టను. అన్నం మానెయ్యమనే వాళ్ళు మనకి కొత్త కాదు, ఆ మాటకి అందరూ తలూపేస్తారు. నేను పల్లీలతో మొదలుపెడతాను. వేరుశెనగ పప్పుజాతి మొక్క, కాబట్టి నిషేధం. పల్లీ చట్నీ లేదు, పల్లీ పొడి లేదు, పులిహోరలో పల్లీలు లేవు (అసలు పులిహోరే లేదనుకోండి). అప్పుడు గానీ ఎదుటి మనిషి మొహంలో అసలు భయం కనపడదు.

జాబితా అక్కడితో ఆగదు. ఇడ్లీ, దోశ, పెసరట్టు, పప్పు, సాంబారు, పెరుగు, మజ్జిగ, జొన్నరొట్టె, రాగిసంకటి అన్నీ అవతలికే. తాలింపులో వేసే నాలుగు మినప్పప్పు గింజలూ పనికిరావు. డబ్బాలో అమ్మే ఇంగువ పొడిలో చాలావాటిల్లో గోధుమ పిండి కలిపి ఉంటుంది, అదీ పనికిరాదు. మెంతులు కూడా పప్పుల కుటుంబమే. ఆ మాటకొస్తే చింతచెట్టుదీ చిక్కుడు వంశమే, కానీ మనం తినేది గుజ్జు కాబట్టి వదిలేశారు. రాతియుగం వాళ్ళ దయ. చారు బతికిపోయింది.

ఇక మిగిలేవి గుడ్లు, చేపలు, కోడి, మేక, ఆకుకూరలు, కాయగూరలు, దుంపలు, పండ్లు, కొబ్బరి, బాదం, జీడిపప్పు, నువ్వులు. నెయ్యి దగ్గర పేలియో వాళ్ళలో వాళ్ళకే పడదు. పాలు వద్దంటారు గానీ చాలామంది నెయ్యికి మాత్రం తలుపు ఓరగా తీసిపెడతారు.

పోయిన నెల ఈ శీర్షికలో డెడ్‌లిఫ్ట్ గురించి రాశాక ముగ్గురు మెయిల్ చేశారు. ముగ్గురిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "ఈ తిండి తింటే బరువు తగ్గుతారంటారు కదా, మరి కండ పెరుగుతుందా?" పెరుగుతుంది. కానీ దానికదే పెరగదు. ఈ తిండి మీద కండ పెంచాలంటే మన తెలుగు పళ్ళెంలో రెండు చోట్ల లెక్క సరిచెయ్యాలి. ఒకటి అందరికీ తెలిసినదే, ప్రొటీన్. రెండోది ఎవరూ అనుకోనిది, పిండిపదార్థం.

ముందు ఈ పేలియో కథేంటో రెండు ముక్కల్లో. 1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే కడుపు జబ్బుల డాక్టరు రాతియుగపు తిండి మీద ఒక పుస్తకం వేశాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం రాశారు, దానితో ఈ ఆలోచనకి కాస్త పెద్దరికం వచ్చింది. 2002లో లారెన్ కార్డేన్ రాసిన పుస్తకంతో పేరు స్థిరపడింది. ఆ తర్వాత క్రాస్‌ఫిట్ జిమ్ముల వాళ్ళు దీన్ని ఊరూరా తిప్పారు. వాదన సూటిగానే ఉంటుంది: వ్యవసాయం వచ్చి పదివేల ఏళ్ళు, మన శరీరం అంతకు ముందు లక్షల ఏళ్ళలో తయారైంది, కాబట్టి వ్యవసాయం తెచ్చిన తిండి మనకి సరిపడదు.

ఈ కథని నేను పూర్తిగా నమ్మను. ఇజ్రాయెల్‌లో గలిలీ సముద్రం ఒడ్డున ఒహాలో అనే చోట 23,000 ఏళ్ళ నాటి గుడిసెలు బయటపడ్డాయి. అక్కడ అడవి బార్లీ గింజలున్నాయి, వాటిని నూరిన రాయి కూడా ఉంది. నియాండర్తల్ మనుషుల పళ్ళ మీద పేరుకున్న గారలో ఉడికిన పిండి రేణువులు దొరికాయి. అంటే రాతియుగం వాడికి గింజ దొరికితే నూరుకుని తిన్నాడు, వాడికి నియమాలేమీ లేవు. మరి నమ్మని కథని ఎందుకు పట్టుకున్నావంటే, కథ సంగతెలా ఉన్నా జల్లెడ బాగుంది కాబట్టి. ఆ నిషేధాల జాబితాలో పప్పు, పెరుగులతో పాటు బిస్కెట్లు, చిప్స్, కోక్, మైసూర్‌పాక్, మిక్చరు, ఆఫీసు డోనట్లు కూడా కొట్టుకుపోతాయి. ప్రతిదాని మీదా కూర్చుని ఆలోచించక్కర్లేదు. నాబోటి బద్ధకస్తుడికి ఆ సుఖం చాలా పెద్దది.

మన తెలుగునాట తిండి సిద్ధాంతాలకి కరువేమీ లేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంట చెప్పారు. ఖాదర్ వలీ గారు సిరిధాన్యాలన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు కొబ్బరినూనె, నిమ్మకాయలన్నారు, 2017, 18ల్లో మా బంధువుల్లో సగం మంది ఇళ్ళల్లో అదే మాట. మా అత్తగారింట్లో ఈ ముగ్గురి అభిమానులూ ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటారు. పేలియో ఈ మూడింటిలో దేనికీ చెందదు. సిరిధాన్యాలు కూడా ధాన్యాలే కాబట్టి ఇక్కడ చెల్లవు. కొవ్వు మీదే బతకమనీ పేలియో చెప్పదు. పేలియోకీ కీటోకీ తేడా తెలియకపోవడం వల్లే జిమ్ముల్లో సగం కష్టాలు. దాని సంగతి కిందకొచ్చాక చెప్తాను.

నేను ఇందులోకి దిగింది అందం కోసం కాదు. 34వ ఏట ఆఫీసు వాళ్ళ వార్షిక రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. ఇక్కడి లెక్కలో 5.7 నుంచి 6.4 దాకా మధుమేహం గుమ్మంలో నిలబడ్డట్టు. నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు అప్పుడు 67 కిలోలు. చూసినవాళ్ళెవరూ లావని అనరు. చొక్కా ఇన్‌షర్టు చేస్తే మాత్రం బెల్టు పైన చిన్న అరుగు.

ఈ అరుగు మీద ఒక ప్రసిద్ధమైన ఫొటో ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎమ్ఐ ఒకటే, 22.3. పరీక్ష చేస్తే యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఎత్తుకి తగ్గ బరువు ఇద్దరికీ ఉంది, కానీ ఒకరిది కండ, ఇంకొకరిది వెన్న. మనవాళ్ళ సంగతి మొత్తం ఆ ఒక్క ఫొటోలో ఉంది. మనం తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరని ఎక్కువగా తీసుకుని దాచుకునేది కండరాలే. ఆ గోదాము మనకి పుట్టుకతోనే చిన్నది. చిన్న గోదాములోకి రోజుకి మూడు లారీల బియ్యం దింపితే ఏమవుతుందో మా నాన్నని చూస్తే తెలుస్తుంది.

నాన్నకి 66. ఇరవయ్యేళ్ళకి పైగా షుగరు. ఆయన లావు మనిషి కాదు, నాలాగే. ఏలూరులో పొద్దున్నే ఆరు గంటలకి నడకకి వెళ్తారు, స్వీట్లు ముట్టరు, మాత్రలు మర్చిపోరు. చెప్పినవన్నీ చేసిన మనిషి. కానీ గత రెండు మూడేళ్ళుగా వీడియో కాల్‌లో ఒకటి గమనిస్తున్నాను: కుర్చీలోంచి లేవాలంటే చేతులు రెండూ కోళ్ళ మీద ఆనించి, ఒక ఊపు ఊగి లేస్తున్నారు. పూజ దగ్గర కింద కూర్చోవడం మానేసి స్టూలు వేసుకున్నారు. అమ్మ "వయసు కదా" అంటుంది. వయసే, కాదనను. కానీ ఆ తొడల్లో కండ కరిగిపోతుంటే చక్కెర ఎక్కడికి వెళ్తుందీ అని నాకు దిగులు. పైగా షుగరున్న మనిషి బాత్రూములో పడితే ఆ తర్వాత కథ ఎలా నడుస్తుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

కాబట్టి నాకు కండ అంటే అద్దం ముందు నిలబడే సరదా కాదు. ఇరవయ్యేళ్ళ తర్వాత కోళ్ళు పట్టుకోకుండా లేవడం.

కసరత్తు గురించి ఇక్కడ పెద్దగా రాయను, పాత టపాల్లో చాలా రాశాను. మార్క్ రిపటో 2005లో రాసిన పుస్తకంలోని పద్ధతే నాదీ. స్క్వాట్, ప్రెస్, బెంచ్, డెడ్‌లిఫ్ట్. వారానికి మూడు రోజులు, ఐదేసి సార్లు మూడు విడతలు. ఖాళీ బారు 45 పౌండ్లు ఉంటుంది, దానితో మొదలుపెట్టి ప్రతిసారీ 5 పౌండ్లు పెంచుకుంటూ పోవడమే. ఎనిమిది వారాల్లో 24 సార్లు వెళ్తే స్క్వాట్ 165కి చేరుతుంది. ఇందులో తెలివితేటలకి చోటు లేదు, అదే నాకు నచ్చింది. ఆఫీసులో రోజంతా "ఇది ఆధారపడి ఉంటుంది" అని చెప్పి చెప్పి అలసిపోయినవాడికి, సాయంత్రం ఒక ఇనప కడ్డీ "లేచావా, లేదా" అని మాత్రమే అడగడం హాయిగా ఉంటుంది. మా మిన్నెసోటా చలికాలంలో గరాజ్‌లో ఆ కడ్డీ పట్టుకుంటే అరచేతులు అతుక్కుంటాయా అనిపిస్తుంది, అది వేరే కథ.

ఇప్పుడు ప్రొటీన్ లెక్క. 2018లో మోర్టన్, ఆయన సహచరులు 49 పరిశోధనల ఫలితాలు కలిపి చూశారు. బరువులెత్తేవాళ్ళకి కిలో శరీర బరువుకి రోజుకి సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ దాకా లాభం కనపడింది, సగటున ఆపైన పెద్ద తేడా లేదు. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. మామూలు మనిషికి చెప్పే లెక్క 0.8, అంటే దీనికి సగం.

మన ఇంటి భోజనంలో ఇది ఎంత? కందిపప్పులో ప్రొటీన్ ఎక్కువే, వంద గ్రాముల ఎండు పప్పుకి 22 గ్రాములు ఉంటుంది. కానీ వంద గ్రాముల ఎండు పప్పు ఒక్క పూటకి ఎవరు తింటున్నారు? మామిడికాయ పప్పు రెండు గరిటెలు వేసుకుంటే అందులో ఎండు పప్పు 30 గ్రాములు ఉంటే గొప్ప. అంటే 6, 7 గ్రాములు. దాని కింద పెద్ద కొండలా అన్నం. "పప్పు తింటున్నాం కదా, ప్రొటీన్ వస్తుంది" అనే మాట మన ఇళ్ళల్లో చాలా ధీమాగా చెప్తారు. నీళ్ళలాంటి సాంబారు చూపించి కూడా అదే మాట చెప్తారు!

నా రోజు ఇలా ఉంటుంది. పొద్దున మూడు గుడ్లు, తోటకూరో ఉల్లిపాయో వేసి వేపుడు, 18 గ్రాములు. మధ్యాహ్నం వండిన చికెన్ 150 గ్రాములు, 45. రాత్రి చేప, అదీ 150 గ్రాములు, 30కి తక్కువ కాదు. ఇక్కడికి 93. మిగిలిన 20 ఎక్కడినుంచి వస్తాయో కింద చెప్తాను, అక్కడ పేలియో వాళ్ళకి నాకు తగువుంది. ఆదివారం హలాల్ షాపులో మేక మాంసం, అప్పుడప్పుడు కార్జం. కార్జం సంగతి తక్కువగా మాట్లాడుకుంటాం గానీ ఐరన్, బీ12 దండిగా ఉన్న తిండి అది. మనవాళ్ళు మిరియాలు వేసి చేసే కార్జం వేపుడు ఏ పేలియో పుస్తకంలో రాసిన వంటకంటేనూ గొప్పది. చేపల పులుసు, నాటుకోడి, తలకాయ కూర, పాయా, బోటీ... మన మాంసాహారంలో సగం వంటలు మార్చకుండానే చెల్లుతాయి. తేడా ఒక్కటే, వాటిని అన్నంలో కలుపుకోవడానికి పుట్టించారు. ఒట్టిగా తినాలంటే ఉప్పూ కారం కాస్త వెనక్కి తగ్గించాలి, పులుసు కాస్త చిక్కబెట్టాలి. గోంగూర మాంసం ఒట్టిగా తినడం మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

రెండోది, ఎవరూ అనుకోనిది. మా ఆఫీసులో ఒక తమిళ తమ్ముడున్నాడు. నాకంటే చిన్నవాడు, బలశాలి. ఒకరోజు బ్రేక్‌రూములో దిగాలుగా కూర్చుని "అన్నా, బారు కదలట్లేదు" అన్నాడు. మూడు వారాలుగా అదే బరువు, మెట్లెక్కితే తొడలు సీసంలా ఉంటున్నాయి, నిద్ర పట్టట్లేదు. ఏం తింటున్నావంటే పేలియో అన్నాడు. చెప్పిన జాబితాలో గుడ్లు, కోడి, సలాడ్, బాదంపప్పులు తప్ప ఇంకేమీ లేదు. అన్నం తీసేశాడు, ఆ ఖాళీలో ఏదీ పెట్టలేదు. పేరు పేలియో, జరుగుతున్నది కీటో.

కండరాల్లో గ్లైకోజెన్ అని చక్కెర నిల్వ ఉంటుంది, మామూలు మనిషికి 400 గ్రాముల చుట్టుపక్కల, కాలేయంలో ఇంకో వంద. బరువు ఐదేసి సార్లు, ఎనిమిదేసి సార్లు ఎత్తేటప్పుడు ఎక్కువగా ఖర్చయ్యేది అదే. గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుంది. అన్నం మానిన మొదటి వారంలో రెండు కిలోలు తగ్గానని సంబరపడేవాళ్ళకి తగ్గింది ముఖ్యంగా ఈ నీళ్ళే. సన్నబడాలనుకునేవాడికి అది సంతోషం. 165 పౌండ్లు భుజాన వేసుకుని కిందకి దిగినవాడికి అది ఖాళీ ట్యాంకు.

దీనికి మందు దుంప. దుంప పేలియోకి పరాయిది కాదు, మనిషి కర్రతో నేల తవ్వుకుని తిన్న తిండి అది. ఈ విషయంలో మన అదృష్టం అమెరికా వాళ్ళకి లేదు. వాళ్ళకి తెలిసింది చిలగడదుంప ఒక్కటే (బంగాళాదుంప మీద వాళ్ళలో వాళ్ళకే తగువు, కార్డేన్ వద్దంటాడు, హోల్30 వాళ్ళు మొదట వద్దని 2014లో ఒప్పుకున్నారు). మనకైతే చామదుంప ఉంది, కంద ఉంది, పెండలం ఉంది, కర్రపెండలం ఉంది, అరటికాయ ఉంది. ఉడికిన చిలగడదుంప వంద గ్రాముల్లో 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అన్నంలో 28. చామదుంపలో అన్నానికి ఏమీ తీసిపోదు, ఇంకాస్త ఎక్కువే. ఇండియన్ స్టోరులో చామదుంపలు తాజాగా దొరుకుతాయి, కంద ముక్కలు ఫ్రీజర్‌లో. చామదుంపల పులుసు, కంద బచ్చలి, అరటికాయ ఆవపెట్టిన కూర (ఆవ పేలియోయే, భయపడకండి). కంద, చామ సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద, చింతపండు పులుసులో వండే అలవాటు మనవాళ్ళకి ఊరికే రాలేదు.

ఆ తమ్ముడికి చెప్పింది ఇంతే: జిమ్ముకి వెళ్ళే రోజు మధ్యాహ్నం రెండు మీడియం చిలగడదుంపలు, జిమ్ము ముందు ఒక అరటిపండు, రాత్రి మళ్ళీ ఏదో ఒక దుంప. రెండు వారాల్లో బారు కదిలింది. అతను ఇప్పుడు నాకంటే 60 పౌండ్లు ఎక్కువ ఎత్తుతున్నాడు. చెప్పకుండా ఉండాల్సింది.

కిలో బరువుకి ఇంత పిండిపదార్థం అని కచ్చితమైన అంకె నేను చెప్పను. షుగరు గుమ్మంలో ఉన్న నాలాంటివాడికి, లేనివాడికి ఒకే లెక్క కుదరదు. నేను జిమ్ము రోజుల్లో దుంపలు ఎక్కువ తింటాను, మిగతా రోజుల్లో సగం చేస్తాను. గోదాము ఖాళీ అయిన రోజే లారీ.

ఇక తగువు. పైన మిగిలిన 20 గ్రాముల ప్రొటీన్ నాకు పెరుగులోంచి వస్తుంది. నీళ్ళు వడకట్టిన గ్రీకు పెరుగు 200 గ్రాములు. పేలియో పుస్తకాల ప్రకారం ఇది అపచారం. నేను ఆలోచించే పెట్టుకున్నాను. పెరుగు తోడుకునేటప్పుడు లాక్టోజ్‌లో కొంత సూక్ష్మజీవులే తినేస్తాయి, నా కడుపుకి దానితో ఏనాడూ పేచీ లేదు. చిన్నప్పటినుంచీ రోజుకి రెండుపూటలా తిన్నవాడిని. కథకి అడ్డొచ్చిందని ఒంటికి పడే తిండిని తీసెయ్యడంలో నాకు అర్థం కనపడలేదు. మా ఆవిడైతే "పేలియో ప్లస్ పెరుగు అని ఒక పుస్తకం రాసెయ్యండి, తెలుగువాళ్ళంతా కొంటారు" అంటుంది.

క్రియాటిన్ సంగతీ చాలామంది అడుగుతారు. డబ్బాలో తెల్ల పొడి, రాతియుగంలో లేదు కదా అని. 1832లో షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని మాంసంలోంచే బయటికి తీశాడు, పేరు కూడా మాంసం అనే గ్రీకు మాటలోంచి పెట్టిందే. మాంసం, చేప తినేవాళ్ళకి రోజూ కాస్త అందుతూనే ఉంటుంది. రోజుకి 3 నుంచి 5 గ్రాములు, అంటే ఒక చెంచా. బలానికి పనిచేస్తుందని ఇన్ని పరీక్షల్లో తేలిన పొడి ఇంకొకటి లేదు. మిగతా డబ్బాలన్నీ షాపువాడి బలం కోసం.

మీరు శాకాహారులైతే, దయచేసి ఈ పేలియో జోలికి రాకండి. గుడ్డు తినరు, పప్పు వద్దు, పెరుగు వద్దు అంటే ఆ 112 గ్రాములు ఆకుకూరల్లోంచి రావు. పప్పు తినండి, సాంబారులో తేలే పప్పు కాదు, గట్టి పప్పు. శనగలు, సోయా, పనీరు, పెరుగు తినండి. పప్పు మీద పేలియో వాళ్ళు చెప్పే అభ్యంతరాల్లో చాలావరకు నానబెట్టి ఉడకబెడితే తీరిపోయేవే, మన ఇళ్ళల్లో ఎవరూ పచ్చి కందిపప్పు నమలరు. శాకాహారంతో బలం రాదా అని అడిగేవాళ్ళకి వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని గుర్తు చేస్తాను. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న ఆ మనిషి శాకాహారి అని చెప్తారు. ఆయన తరం తాలింఖానాల్లో దండేలు, బస్కీలు తీసి పెరిగింది. అదే శ్రీకాకుళం నేల నుంచి కరణం మల్లీశ్వరి వెళ్ళి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. కానీ మన ఇళ్ళల్లో బరువులెత్తే అమ్మాయిని చూస్తే ఇప్పటికీ "పెళ్ళెలా అవుతుంది" అనే అంటారు. ఆ సంగతి మీద ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే ఆగను.

పోయిన వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చి ఐదు నెలలున్నారు. వచ్చిన రెండో రోజే అమ్మ నా పళ్ళెం చూసి, "అన్నం లేకుండా మాంసం కూర ఎలా దిగుతుందిరా? అడివి మనిషిలాగ" అంది. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు గరాజ్‌లోకి వచ్చి కుర్చీ వేసుకుని నేను బరువులెత్తేదంతా చూశారు. చివరికి, "దీనివల్ల షుగరు తగ్గుతుందంటావా?" అని అడిగారు.

ఆయన్ని నేను పేలియోలో పెట్టలేదు. ఎందుకో చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది ఇళ్ళల్లో ఇదే పరిస్థితి. షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్న పెద్దవాళ్ళకి ఉన్నట్టుండి అన్నం తీసేస్తే చక్కెర మరీ కిందకి పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మందు అలాగే ఉంచి తిండి మార్చకూడదు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి ప్రొటీన్ ఎంత పెంచాలన్నది వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఏలూరులో నాన్నని చూసే డాక్టరు గారికి ఫోన్ చేసి, క్రియాటినిన్ రిపోర్టు చూపించి, ఆయన సరేనన్నాకే కొంచెం కదిపాం. అన్నం సగం చేశాం, పొద్దున ఇడ్లీలు నాలుగు నుంచి రెండయ్యాయి, పక్కన రెండు గుడ్లు. శనివారం ఆయన నీచు ముట్టరు, ఆ రోజు పెసలు, పనీరు. అంతే.

అసలు పని తిండిలో కాదు, కుర్చీలో జరిగింది. ఇక్కడ పెద్దవాళ్ళకి ఒక పరీక్ష చేస్తారు: చేతులు గుండెల మీద కట్టుకుని, ముప్పై సెకండ్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరు? 65 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళు 12 కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. నాన్న మొదటిసారి 8 చేశారు. ఎనిమిదో సారి సగంలో ఆగి, మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను ఫోన్‌లో టైమర్ వంక చూస్తూ ఉండిపోయాను.

ఆ వయసులో కండ పెరుగుతుందా అని ఆయనకీ సందేహమే. 1990లో జామా పత్రికలో మరియా ఫియాటరోన్ బృందం రాసిన పరిశోధన గురించి చెప్పాను. వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్ళు, సగటు వయసు 90. ఎనిమిది వారాలు కాళ్ళకి బరువులతో కసరత్తు చేయిస్తే బలం సగటున 174 శాతం పెరిగింది. నాన్న "తొంభయ్యా?" అని రెండుసార్లు అడిగారు. ఆ తర్వాత కుర్చీ పరీక్షకి ఆయనే గంట కొట్టినట్టు పిలిచేవారు. వారానికి మూడు రోజులు, మొదట కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచాం, తర్వాత దిండు తీసేశాం, తర్వాత చేతిలో 5 పౌండ్ల డంబెల్, తర్వాత 10, 15. వెళ్ళే వారం ముప్పై సెకండ్లలో 13.

నా లెక్కలు కూడా చెప్పేస్తాను, అడుగుతారు ఎలాగూ. పది నెలల్లో బరువు 67 నుంచి 73 కిలోలు, నడుం 36 నుంచి 34 అంగుళాలు, స్క్వాట్ 235 పౌండ్లు, హెచ్‌బీఏ1సీ 5.5. ఇందులో పేలియో వాటా ఎంత, ఇనుము వాటా ఎంత అని విడదీయడం కుదరదు, రెండూ ఒకేసారి మార్చాను కాబట్టి. నా అనుమానం ఇనుముకే ఎక్కువ వాటా ఇవ్వాలని. ఇంట్లో పిల్లకి, మా ఆవిడకి ఇడ్లీ, అన్నం మామూలే. నా వంట నేనే చేసుకుంటాను. ఒకరి నియమం ఇంకొకరి వంటింటి చాకిరీ కాకూడదని మొదటి రోజే ఒప్పందం. ఇంకొక చిన్న సంగతి, పేలియో వాళ్ళు గులాబి రంగు ఉప్పు వాడమంటారు, దాంట్లో అయొడిన్ కలపరు. మామూలు అయొడిన్ ఉప్పే వాడుకోండి.

నాన్న ఏలూరు వెళ్ళాక డంబెల్స్ కొనిపెడతానన్నాను. "ఎందుకురా, ఉన్నాయి" అన్నారు. నిన్న వీడియోలో చూపించారు. 5 కిలోల బియ్యం సంచీ పాత స్కూల్ బ్యాగులో పెట్టి, గుండెలకి ఎదురుగా తగిలించుకుని కుర్చీలోంచి లేస్తున్నారు. "బియ్యం తినడం తగ్గించమన్నావు, మొయ్యద్దనలేదుగా" అన్నారు. అమ్మ వెనకనుంచి "ఆ బ్యాగు జిప్పు ఊడిపోతుంది, గదంతా బియ్యమే" అని అరుస్తోంది. ఆయన ప్రశ్నేంటంటే, 5 తర్వాత ఒకేసారి 10 కిలోల సంచీకి వెళ్ళాలా అని. ఒకేసారి రెట్టింపు చెయ్యద్దని, ప్రతి రెండు వారాలకి ఇంకో అరకిలో కందిపప్పు ప్యాకెట్ పక్కన పెట్టమని చెప్పాను. జిప్పుకి పిన్నీసు పెట్టమని కూడా.